"వస్తుంది" అంటే అవ్వ రోడ్డు వైపు చూసింది

మా కాలనీ ఆడవాళ్ల ఫోన్ గ్రూపులో ఒకరోజు ఒక సందేశం వచ్చింది. ఎల్లారెడ్డి అవతల ఒక చిన్న పల్లెలో గుడిసె తీసేసి ఒంటిగది ఇల్లు కడుతున్నారు, ఒక్కరోజు చేతిసాయానికి ఎవరైనా వస్తారా అని. కామారెడ్డిలో మా ఇల్లు కట్టిన ఏడు నెలలూ రోజూ కుర్చీ వేసుకుని పని చూసినదాన్ని. ఆ ధైర్యంతో పేరిచ్చేశాను. మా ఆయన పేపరు దించి, "పని చేయనీకి పోతున్నవా, చెప్పనీకి పోతున్నవా?" అన్నారు. దానికి జవాబు చెప్పడానికే వెళ్లానంటే తప్పు కాదు.

ఆ ఇల్లు కట్టిస్తున్న సేవా బృందంవాళ్లు పన్నెండు జాగ్రత్తలు రాసిన కాగితం పంపారు. దాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించి, ఒక్కొక్కటి పూర్తయ్యేకొద్దీ టిక్కు పెట్టాను. టీటీ ఇంజెక్షన్ మూడు రోజుల ముందే వేయించుకున్నాను, పనినాటికి చెయ్యి నొప్పి తగ్గాలి కదా. చీర మానేసి పంజాబీ డ్రెస్ వేసుకుని, చున్నీ నడుముకు చుట్టి పిన్నీసులు పెట్టాను. గాజులు తీసి డబ్బాలో పెట్టి, పుస్తెలతాడు లోపలికి వేసుకున్నాను. సిమెంటుకు అరచేతులు పగలకుండా రబ్బరు గ్లవ్స్, రెండు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, దూది, అన్నీ సంచిలో సర్దాను. పసుపు హెల్మెట్లు రెండు తెచ్చాను, ఒకటి నాకు, ఇంకొకటి మరిచిపోయి వచ్చేవాళ్లకు. బూట్లు మాత్రం మా ఆయనవి. రెండు జతల సాక్సులు తొడిగితే సరిపోయాయనే నమ్మాను. కాగితంలో చివరి జాగ్రత్త: పైనుంచి ఏదైనా జారితే "వస్తుంది" అని గట్టిగా అరవాలి. వంటింట్లో రెండుసార్లు అరిచి చూశాను. పక్కింటావిడ తలుపు తీసి, "ఎవలొస్తున్నరక్కా?" అంది. అప్పుడే నాకు బుద్ధి రావాల్సింది.

పొద్దున ఆరూ ఇరవైకి కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు ఎక్కాను. ఆడవాళ్లకు టికెట్టు డబ్బులుండవు కానీ ఆధార్ కార్డు చూపించాలి. కార్డు సంచి అడుగున ఉంది, దాని మీద రెండు హెల్మెట్లున్నాయి. వాటిని బయటికి తీసి ఒళ్లో పెట్టుకునేసరికి కండక్టరు ఆగిపోయాడు.

"హెల్మెట్ వట్టుకోని బస్సెక్కినోళ్లను ఇయ్యాల్నే సూస్తున్న. మా డ్రైవర్ మీద గింత అనుమానమా అక్కా?"

ముందు సీట్లోంచి డ్రైవరు అద్దంలో నన్ను చూశాడు. లింగంపేట దాటేదాకా బస్సు ఎడ్లబండిలా నడిపాడు. గంటంబావులో చేరాల్సింది గంటన్నర పట్టింది.

ఎల్లారెడ్డి బస్టాండు ముందు పది రూపాయల చాయ్ తాగి, షేర్ ఆటో ఎక్కాను. మనిషికి ముప్పై. ఎక్కడికని అడిగిన ఆటో అన్నకు సంగతి చెప్పాను.

"కూలి ఎంతిస్తరు?"

"కూలి లేదన్నా, ఊరికెనే."

నేను దిగేటప్పుడు తన నంబరు రాసిచ్చాడు. "సాయంత్రం ఫోన్ చెయ్యి అక్కా. నడవనీకి రాకపోతే గుమ్మం దాంక వస్త."

ఆ ఇల్లు గంగామణిది. ఆమె పొలం కూలికి పోతుంది. అత్త పోశవ్వ బీడీలు చుడుతుంది. గోడలు కిటికీల పైదాకా లేచాయి, మిగతా వరుసలు పేర్చడమే ఆ రోజు పని. నాలాగే సాయానికి ఇంకో ముగ్గురు వచ్చారు. ఎల్లయ్య మేస్త్రి కట్టెల పరంజా మీద బల్లలు వేసుకుని నిలబడి ఉన్నాడు. సరిగ్గా ఆయన కిందే, గోడ నీడలో, గోనెసంచి మీద కాళ్లు చాపుకుని, ఒళ్లో చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని పోశవ్వ కూర్చుంది.

"అవ్వా, జర అవుతలికి జరుగు," అన్నాను.

"ముప్పై ఏండ్ల సంది గీడనే కూసుంటున్న. గోడ మాదే గదా బిడ్డా, నా మీద ఎందుకు పడతది?"

పన్నెండు జాగ్రత్తల్లో ఈ సంగతి రాయలేదు.

కొంతసేపటికి పైనుంచి సిమెంటు ముద్ద జారింది. ఎల్లయ్య పద్ధతి ప్రకారం "వస్తుందీ" అని అరిచాడు. మేమంతా పక్కకు దూకాం. అవ్వ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని రోడ్డు వైపు చూసింది. "ఎవలు?" గంగామణి పొయ్యి మీద చాయ్ నీళ్లు పెట్టేసింది. రెండోసారి ఇటుక ముక్క జారింది. అవ్వ మళ్లీ రోడ్డు వైపు చూసి, "ఇంక రాలె. బస్సు తప్పింది గావచ్చు," అంది.

ఎల్లయ్య నన్ను పిలిచాడు. "మేడం, మీకు ఇటుకల పని వద్దు. అవ్వను లేపుండ్రి. గోడ కన్న గదే కష్టం."

చిన్నబుచ్చుకున్నాను కానీ వెళ్లాను. నీడలో కుర్చీ వేస్తే అవ్వ దాని మీద ఆకుల కట్ట పెట్టింది. రెండో హెల్మెట్ ఇస్తే తిరగేసి, "గిన్నె మంచిగున్నది," అని చుట్టిన బీడీ కట్టలు అందులో వేసుకుంది. నేను బతిమాలుతుంటే ఒక్కటే మాట: "మోకాళ్లు వంగుతలెవ్వు బిడ్డా. సేటు వస్తెనే లేస్త." సేటంటే వారానికి రెండుసార్లు వచ్చి బీడీలు తీసుకుపోయే కమీషన్ మనిషి. ఆయన బండి ఆగినప్పుడు అందించకపోతే బీడీలు పట్టుకుని ఎల్లారెడ్డి దాకా పోవాలి.

పదిన్నరకు నీళ్లు తేవడానికి నాలుగడుగులు పక్కకు వెళ్లాను. వెనక తాడు సడలిన చప్పుడైంది. తిరిగి చూస్తే ఎల్లయ్య పక్కనున్న బల్ల ఒక కొస వదిలి జారుతోంది. "వస్తుందీ" అని ఆయన గొంతు చించుకున్నాడు. అవ్వ రోడ్డు వైపు చూసింది. నేను ఉరికాను. మా ఆయన ఎడమ బూటు నాతో రాలేదు. ఇక అందుకోలేనని తెలిసి నోటికొచ్చింది అరిచాను.

"అవ్వా, సేటొచ్చిండు!"

మోకాళ్లు వంగని పోశవ్వ చాట ఒక చేత్తో, హెల్మెట్ ఒక చేత్తో పట్టుకుని రెండంగల్లో రోడ్డు మీద ఉంది. బల్ల గోనెసంచి నడిమధ్యన పడింది.

ఎల్లయ్య పరంజా కట్టె పట్టుకుని పైనే కూలబడ్డాడు. గంగామణి వచ్చి గోనెసంచిని చూసి, అత్తను చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అవ్వ మాత్రం రోడ్డు అటూ ఇటూ వెతికింది.

"ఏడి సేటు?"

"రాలేదవ్వా. బల్ల పడ్డది."

"బల్ల పడితె బల్ల పడ్డదని చెప్పాలె. గింత పెద్దమనిషివి, గట్ల అబద్ధమాడ్తవా?"

నా వయసు యాభై రెండు. బడి వదిలాక నన్ను ఎవరూ ఇలా తిట్టలేదు. తిట్లు తింటుంటే ఇంత సంతోషంగా ఉంటుందని కూడా తెలియదు. అప్పటికీ నా ఒక కాలికి బూటు లేదు.

ఎల్లయ్య దిగివచ్చి అన్ని తాళ్లూ మళ్లీ బిగించాడు. గోడకు రెండు గజాల దూరంలో సున్నంతో గీత గీసి, దాని లోపల కూర్చోవద్దని అవ్వకు దండం పెట్టి చెప్పాడు. అప్పటినుంచి పైన ఏది జారినా ఎవరూ "వస్తుంది" అనలేదు. "సేటొచ్చిండు" అనేవారు. మొదటి రెండుసార్లు అవ్వ రోడ్డు చూసి తిట్టింది. మూడోసారి పైకి చూసింది.

నాలుగింటికి సున్నం గీత దగ్గర నిజంగానే ఒక బండి ఆగింది. గంగామణి చూసి, "అత్తా, సేటొచ్చిండు," అంది. ఇటుకలు అందిస్తున్న మేం నలుగురం పక్కకు దూకాం. అవ్వ తల పైకెత్తి గోడ చూస్తూ, హెల్మెట్ గుండెకు హత్తుకుని వెనక్కి నడిచింది. "ఈసారి ఏది పడుతున్నదిరా ఎల్లయ్యా?"

ఖాళీ జాగాలో సంచి పట్టుకుని ఒక్కడే నిలబడ్డ సేటు, "ఏందవ్వా, నన్ను జూసి అందరుర్కుతున్నరు?" అన్నాడు.

ఇంటికొచ్చాక మా ఆయన ప్రశ్నకు జవాబు చెప్పాను. ఆ రోజు, అవ్వ గీత అవతల కూర్చున్నాక, నేను పేర్చిన ఇటుకలు పదకొండు. వాటిలో నాలుగు ఎల్లయ్య తీసి మళ్లీ పెట్టాడు. చెప్పినదాంట్లో పనికొచ్చింది ఒక్క మాటే, అదీ అబద్ధం. కాగితంలో రాసినవన్నీ అవసరమైనవే, ఒక్కటి కూడా వదలకండి. కానీ అవన్నీ నన్ను కాపాడుకోవడానికి నేను చేసుకున్నవి. కింద కూర్చున్న మనిషిని కాపాడటానికి ఆమె మాటే కావాల్సి వచ్చింది, అది నా సంచిలో లేదు. పొద్దుటి నుంచి ఆమె చెబుతూనే ఉంది. నేనే కుర్చీ వేసే తొందరలో సగం విన్నాను.

మీరు ఇలాంటి పనికి వెళ్తే నా సలహా ఒక్కటే. హెల్మెట్ పెట్టుకునే ముందే అక్కడి పెద్దవాళ్ల పక్కన పది నిమిషాలు కూర్చుని, వాళ్లు ఏ మాటకు లేచి పరుగెత్తుతారో కనుక్కోండి.