ఓయ్నిసో బీబీ మిద్దె మీదికి ఎక్కని మట్టి

ఓయ్నిసో బీబీ, వయస్సు డెబ్బై రెండు. ఇది రాస్తున్న పేట సంఘపు కార్యదర్శికి నలభై ఏళ్ళుగా ఎరుక. బుఖారా పాతపట్టణంలో, వడ్రంగుల వీధి చివర, చెక్కుడు స్తంభాల వసారా గల ఇల్లు ఆమెది. వీధిలో పుట్టిన బిడ్డను తొలిసారి ఊయలలో పడుకోబెట్టేది ఆ వసారాలోనే. పోయినవారిని చివరిసారి దింపేదీ అక్కడే. ఎవరి తాత ఏ స్తంభానికి ఆనుకొని ఎవరి నాయనమ్మకు మాట ఇచ్చాడో బీబీ నేటికీ చూపించగలదు.

పక్క వీధిని హోటలు కోసం పడగొట్టిన యేడు, భయపడి ఆమే స్వయంగా పురాతన కట్టడాల కార్యాలయానికి వెళ్ళి తన ఇంటిని రక్షిత కట్టడంగా రాయించుకున్నది. గోడకు పలక బిగించిన రోజున వీధంతటికీ పులావు పెట్టింది. ఇల్లు దక్కింది. అయితే ఆనాటినుండి మేకు కొట్టాలన్నా, మిద్దె మీద పిడికెడు మట్టి వేయాలన్నా అనుమతి కావలసివచ్చింది. మట్టిమిద్దె యేటేటా పూత అడుగుతుంది. కార్యాలయం ప్రతిసారీ "పరిశీలనలో ఉన్నది" అంటుంది. వానలకు పెద్దగది దూలం కుంగింది. ఆమె దానికి గుంజలు పోటు పెట్టించి, మంచాన్ని వంటగదిలోకి జరుపుకున్నది. ఆ ఇంటిని కొనేవారు లేరు. తాళం వేసి పోదామంటే, వీధి బిడ్డల ఊయల ఎక్కడ వేస్తారు?

"పలక గోడకి కొట్టలేదయ్యా, నా కాళ్ళకి కొట్టారు," అనేది.

ఈ శరత్తులో వీధివారు ఇక ఆగలేక హషర్ పెట్టారు. హషర్ అంటే పదిమందీ కలిసి చేసే సాయం పని. కూలి ఉండదు, పులావే కూలి. తరిగిన గడ్డి కలిపి వీధిలోనే మట్టి తొక్కారు. సరిగ్గా పులావు దింపే వేళకు కార్యాలయపు తనిఖీదారు తోహిర్ వచ్చాడు.

"ఆపండి! ఎవరిచ్చారు అనుమతి?"

మోకాళ్ళదాకా బురదలో ఉన్న నర్జుల్లో మేస్త్రి తలెత్తాడు. "ఆ మబ్బునడగండి బాబూ. అది మీ కాగితం చూసే కురుస్తుందా?"

"నువ్వు నోర్ముయ్, మేస్త్రీ," అన్నది బీబీ. "రా బిడ్డా, కూర్చో. నా గడప తొక్కినోళ్ళు ఆకలితో పోకూడదు."

తోహిర్ వద్దు వద్దంటూనే కూర్చున్నాడు. పళ్ళెం ఖాళీ అయ్యాక ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు.

"ఏమైంది?"

"హషర్ పులావు తిన్నోడు మట్టిలో చెయ్యి పెట్టాలి, లేకపోతే అరగదంటారు," అన్నాడు మేస్త్రి. "మీరు ఎముక కూడా వదల్లేదు!"

తోహిర్ ముఖం కందిపోయింది. "బీబీ, నేను చెయ్యి వేస్తే నా ఉద్యోగం పోతుంది. దీన్ని ఆపడానికే నన్ను పంపారు."

"అయితే నువ్వూ నాలాగే ఇరుక్కున్నావన్నమాట. లోపలికి రా."

ఆమె అతణ్ణి పెద్దగదిలోకి తీసుకుపోయింది. దూలం కింద అతడు తనకు తెలియకుండానే మెడ వంచాడు. బయటికి వచ్చి, అందరూ చూస్తుండగా అతడు మట్టికుప్పపై అరచేయి అదిమాడు.

"జరిమానా రాయను. కానీ ఇది పైకి ఎక్కకూడదు. సంఘం చేత మళ్ళీ అర్జీ రాయించండి, నేనే పైవారి చేతికి ఇస్తాను."

మట్టి వీధిలోనే ఉండిపోయింది. ఎండిపోకుండా తడిగోనెలు కప్పి, బీబీ రోజూ ఉదయం నీళ్ళు చిలకరిస్తున్నది. ఇప్పుడు తెల్లవారుజామున గోనెల అంచులు గడ్డకడుతున్నవి. గడ్డకట్టిన మట్టి పూతకు పనికిరాదు. పూత లేని మిద్దె ఈ చలికాలపు మంచు బరువును మోయలేదు.

కావున పై ఓయ్నిసో బీబీ తరఫున పేట సంఘము సవినయముగా కోరునదేమనగా: ఆమె మిద్దెకు పూర్వపు పద్ధతిలోనే పూత వేసుకొనుటకును, కుంగిన దూలమును నిలుపుకొనుటకును, తొలిమంచు పడకమునుపే అనుమతి దయచేయవలెను. మట్టి సిద్ధముగా ఉన్నది.