తేజాబ్‌లో మేకు

నా చిన్నప్పుడు కరీంనగర్‌లో మా ఇంటి పెరట్లోంచి ఎర్రపొగ లేచిందంటే, మా మేనత్త పాత వెండి శుద్ధి చేస్తోందని వాడకట్టంతా తెలుసు. మాది వెండితీగ పనివాళ్ల ఇల్లు. పాత వెండిని తేజాబ్‌లో వేసి కరిగించేవాళ్లం. పుస్తకాల్లో దాన్నే నత్రికామ్లం అంటారు. ఆ సీసా ముట్టుకోవడానికి మా బాపు కూడా జంకేవాడు. అత్తకు భయం లేదు. ఆమె వేలికొసలు ఎప్పుడూ పచ్చగా ఉండేవి. పసుపు కాదు, తేజాబ్ మరక.

ఎనిమిదో తరగతిలో సైన్సు సారు ఒకరోజు జింకు ముక్కను ఏదో ఆమ్లంలో వేసి, పుల్ల వెలిగించి దగ్గర పెట్టారు. టప్‌మని పేలింది. ‘‘ఏ లోహాన్ని ఏ ఆమ్లంలో వేసినా హైడ్రోజనే వస్తది’’ అంటూ నల్లబల్ల మీద రాశారు. నేను ఊరుకోవచ్చు కదా! లేచి నిలబడి, ‘‘తేజాబ్‌ల రాదు సార్, ఎర్రపొగ వస్తది’’ అన్నాను. సారు ముఖం మాడిపోయింది. రేపు అందరి ముందు చేతులు జోడించి ‘అబద్ధం చెప్పిన’ అంటేనే తరగతిలోకి రానిస్తానన్నారు.

నాకు చదువు మాన్పించడానికి బాపు అప్పటికే సాకు వెతుకుతున్నాడు. ‘‘ఆ ఒక్క మాట అని బడికి పోతే పోయినవు, లేకుంటే ఇంట్ల కూసోని తీగ గుంజు’’ అన్నాడు. నేను వెక్కివెక్కి ఏడుస్తుంటే అత్త వచ్చి పక్కన కూర్చుంది.

‘‘నీ కండ్లతోని చూసినవా బిడ్డా?’’

‘‘చూసిన.’’

‘‘మరెందుకు ఏడుస్తవు? తప్పు నీదైతే మొక్కు. కాకుంటే తలకాయ పోయినా మొక్కకు.’’

తెల్లారి సీసా, రెండు పింగాణి గిన్నెలు పట్టుకుని నా వెంట బడికి వచ్చింది. సంతకం పెట్టడం కూడా రాని మనిషి! సారును వరండాలోకి పిలిచి, ఒక గిన్నెలో నీళ్లు కలపని గట్టి తేజాబ్ పోసి ఒక ఇనుప మేకు వేసింది. ఏమీ కాలేదు. పొగ లేదు, బుడగ లేదు. పిల్లలంతా గొల్లున నవ్వారు. ‘‘ఏదమ్మా ఎర్రపొగ?’’ అన్నారు సారు. నాకు ప్రాణం పోయినంత పనైంది. ఇంట్లో నేను చూసింది వెండి, రాగి కరగడమే. ఇనుము సంగతి నాకు తెలియదు.

‘‘జర ఆగుండ్రి సారూ’’ అంది అత్త. ఆ మేకును పట్టుకారుతో మెల్లగా తీసి, నీళ్లు కలిపిన తేజాబ్ ఉన్న రెండో గిన్నెలో పెట్టింది. అప్పుడూ చలనం లేదు. ‘‘గట్టి తేజాబ్‌ల మునిగితే ఇనుము మీద సన్నటి పొర కడతది. అది ఉన్నంతసేపు కిక్కురుమనది. సచ్చిందని నవ్వుతున్నరు మీరు’’ అంటూ ఆకురాయి మొనతో మేకును ఒక్క గీత గీసింది.

అంతే! గిన్నె కుతకుతలాడింది. ఎర్రపొగ లేచి సారు కళ్లద్దాల దాకా వెళ్లింది. నవ్విన వాళ్లంతా దగ్గుతూ వెనక్కి పరిగెత్తారు. అత్త పుల్ల వెలిగించి ఆ పొగలో పెట్టింది. పేలలేదు, ఆరిపోయింది.

సారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారు. తన మాట తప్పని అనలేదు. నాతో మాత్రం ‘‘పో, లోపల కూసో’’ అన్నారు. లోపలికి వచ్చి, నల్లబల్ల మీది నిన్నటి వాక్యం పక్కన ‘నత్రికామ్లంలో తప్ప’ అని చిన్న అక్షరాలతో రాశారు. అత్త అప్పటికే గిన్నెలు సర్దుకుని వెళ్లిపోయింది. బాపు ఆ తర్వాత నా చదువు మాన్పించే ఊసెత్తలేదు.

ఆ తర్వాత నా బతుకులో చేతులు జోడించమన్న వాళ్లు చాలామందే తగిలారు. ఎవరు అడిగినా ముందు నా తప్పేమిటో నిజాయితీగా వెతుక్కుంటాను. దొరికితే మొక్కుతాను, సిగ్గుపడను. దొరక్కపోతే మాత్రం, డెబ్భై దాటిన ఈ వయసులో కూడా, నా చేతులు లేవవు.