నలుపులోంచి గీకిన దీపం

నా మంచం కింద ఒక రేకు గొట్టం ఉంది. ఎత్తి చూస్తే అరచేతికి బరువే తెలియదు. అయినా ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నది దాన్నే. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు అక్కరలేదు. తెలిసినవాళ్ళకు చెప్పుకోలేక మీకు చెబుతున్నాను.

బంగారు గనులు సర్కారు చేతికి వచ్చాక కొన్నాళ్ళకు నేను ఊరిగాంలో సర్వే ఆఫీసులో ట్రేసరుగా చేరాను. భూమి లోపలి సొరంగాల ప్లాన్లకు ట్రేసింగ్ గుడ్డ మీద ఇంకుతో నకళ్ళు తీయడం నా పని. గీత తప్పితే గుడ్డ చిరగకుండా బ్లేడు ముక్కతో ఇంకును గీకి తీసేయాలి. అందులో నా చెయ్యి మంచిదని పేరు. గీతలు తప్ప ఇంకేదీ గీయలేను. ముఖం గీస్తే గుమ్మడికాయలా వచ్చేది.

ముఖాలు గీసేవాడు మా తమ్ముడు మునిరత్నం. చదువు ముగించి ఇంట్లో ఉన్నాడు. ఆఫీసులో పారేసే గుడ్డ ముక్కలు నేను తెచ్చిస్తే, వాటిని గళ్ళుగా విడగొట్టి బొమ్మల కథలు గీసేవాడు. ఒకరోజు చూస్తే గడి మొత్తానికి ఇంకు పూసి నల్లగా చేసి కూర్చున్నాడు.

"గుడ్డంతా పాడు చేసినావు కదప్పా," అన్నాను.

"లేదన్నా. నువ్వు తప్పు తీసేదానికి గీకుతావు. నేను వెలుతురు తీసేదానికి గీకుతాను. గని లోపల దీపం పడినంత మేరే కదా కనపడేది? నాయన్నడుగు."

గనిలో రాయి కొట్టే నాయన ఊపిరితిత్తుల్లో అప్పటికే రాతి దుమ్ము పేరుకుంది. దగ్గు ఆగినప్పుడల్లా లోపలి సంగతులు చెప్పేవాడు. ముని కళ్ళు మూసుకుని వినేవాడు. చెప్పిందే మళ్ళీ చెప్పించుకునేవాడు. తర్వాత నా తలకు నాయన గని టోపీ పెట్టి, మంచం కింద పడుకోబెట్టి, దీపం ఎక్కడ పెడితే నీడ ఎక్కడ పడుతుందో చూసేవాడు. "నవ్వొద్దన్నా, నీ మీద రాయి పడతా ఉండాది," అనేవాడు. "వాని మూతికింత మసి పూయ్‌రా. ఆఫీసు మొగం తెలిసిపోతా ఉండాది," అని నాయన మంచం మీద నుంచి ఎగతాళి చేసేవాడు.

అలా పుట్టింది ఒక దీపం కథ. తనను మోసిన మనిషి కనబడక, సొరంగం తర్వాత సొరంగం వెతుక్కుంటూ పోయే దీపం. ప్రతి పేజీ ఆరగానే ముందు నాకే చూపించేవాడు. నేను చదివి తల ఎత్తేవరకు నా ముఖమే చూస్తూ ఉండేవాడు. సాయంత్రాలంటే నాకు అవే. ఆఫీసులో ఎంతో మంది నా పనిని మెచ్చుకున్నారు గాని, అంత ఆత్రంగా నా ముఖం చూసిన మనిషి ఇంకొకరు లేరు.

కథ పూర్తయ్యాక మద్రాసులో ఒక పిల్లల పత్రికకు పంపాడు. అదే సమయంలో నాయన్ని పనికి పనికిరాడని తేల్చారు. అలాంటి మనిషి చోటులో కొడుకును తీసుకోవడం గనుల్లో వాడుక. అమ్మ మునిని గనిలో దిగమని అడుగుతూ ఉంది. ముని ఔననలేదు, కాదనలేదు. "మద్రాసు నుంచి ఏదో ఒకటి తెలియనీమ్మా," అనేవాడు.

శివరాత్రి జాతరకు వచ్చే జనం ముఖాలు గీసుకోవాలని వాడు ఆవని ఊరికి వెళ్ళాడు. అమ్మ నాయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళింది. ఇంట్లో నేనొక్కణ్ణే. మధ్యాహ్నం రైలు దిగి, దారి అడుగుతూ ఒక పెద్దమనిషి, నాయన పనికి గనివాళ్ళిచ్చిన మా లైను ఇంటికి వచ్చారు. ఆ పత్రికలో పనిచేసేవారు. చంకలో ముని పంపిన పేజీల చుట్ట.

"ఇవి వేసింది మీరేనాండీ?"

"కాదు సార్. మా తమ్ముడు."

ఆయన గుమ్మంలో నిలబడి ఒక పేజీ విప్పి వెలుతురుకు పట్టుకున్నారు. తర్వాత అన్నారు: "మా వాళ్ళంతా తెలుపు మీద నలుపు పెడతారండీ. ఈ అబ్బాయి నలుపులోంచి తెలుపు తీస్తున్నాడు. మా ఆఫీసు మేడ మీద గది ఉంది. నాతో పంపించండి."

"వాడు గనిలో చేరిపోయినాడు సార్."

నా నోటి నుంచి వచ్చింది ఆ మాట. వాడు చేరలేదు.

"అయ్యో. ఒక్కసారి నేనే మాట్లాడతాను. ఎన్నింటికి వస్తాడు?"

"వద్దు సార్. బొమ్మలు మానేసినాడు. ఆ ఊసెత్తితే బాధపడతాడు. ఉత్తరం కూడా రాయొద్దండి."

"అతనే అన్నాడా?"

"ఔను సార్."

ఆయన పేజీలు జాగ్రత్తగా చుట్టి నా చేతిలో పెట్టారు. "ఇవి అతని దగ్గరే ఉండాలి. ఎప్పుడైనా మనసు మారితే రమ్మనండి," అని వెళ్ళిపోయారు. కాఫీ ఇవ్వాలని కూడా నాకు తోచలేదు.

ఎందుకన్నాను? ఇల్లు పోతుందని భయపడ్డానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. నాకు ఉద్యోగముంది, అడిగితే ఇల్లు నా పేరున మారేది. అసూయ అనుకున్నాను. కొంత ఉండవచ్చు. కాని ఇప్పుడు, దాచుకోవడానికి ఏమీ మిగలని ఈ వయసులో, నాకు కనబడేది ఇంతే: వాడు వెళ్ళిపోతే ఆ పేజీలు ముందుగా ఇంకెవరో చూస్తారు. ఆ చూపు ఇంకెవరి ముఖం మీదో ఉంటుంది. అంత చిన్న కోరిక కోసం మనిషి అంత పని చేస్తాడా? చేశాను.

రోజూ డైరీ రాసే అలవాటు నాది. ఆనాటి పేజీలో ఎండ ఎక్కువని, తమ్ముడు ఆవని వెళ్ళాడని ఉంది. ఆయన వచ్చిన సంగతి లేదు.

ముని తిరిగొచ్చి పోస్టుమన్ కోసం ఎదురుచూశాడు. వేసవి గడిచింది. "వాళ్ళకు నచ్చలేదేమోలే అన్నా," అని నాయన చోటులో దిగాడు. మొదట్లో రాయి మోసే బండ్ల మీద సుద్దతో ముఖాలు గీసేవాడని తోటివాళ్ళు చెప్పేవారు. తర్వాత అదీ మానేశాడు. నాకు చూపించడానికి వాడి దగ్గర ఏమీ లేకపోయింది. నేనేం దక్కించుకోవాలనుకున్నానో అదే ముందు పోయింది. మిగిలింది ఆనాడు నేను రేకు గొట్టంలో దాచిన దీపం కథ. ఇంట్లో ఎవరూ లేనప్పుడు విప్పి చూసుకునేవాణ్ణి. దానికి పాఠకుణ్ణి నేనొక్కణ్ణే. కోరుకున్నట్టే.

గనులు మూసేశాక ముని క్యాసంబళ్ళిలో కూతురి దగ్గరికి చేరాడు. ఇప్పుడు వాడికి చూపు దాదాపు లేదు. పోయిన నెల వెళ్ళినప్పుడు, వాళ్ళింట్లో పెంచే పట్టుపురుగులకు ఆకు వేసే చప్పుడు వింటూ కూర్చున్నాం. ఉన్నట్టుండి అడిగాడు.

"అన్నా, ఆ మద్రాసోళ్ళు నా బొమ్మలు విప్పి చూసినారంటావా? లేదంటే చూడకనే పారేసినారా?"

"ఏమోప్పా," అన్నాను. ఈ వయసులో కూడా.

చూశారు మునీ. రైలెక్కి వచ్చారు. మన గుమ్మంలో నిలబడి, నీ దీపాన్ని వెలుతురుకు పట్టుకుని, నిన్ను తనతో పంపమన్నారు. నీ కోసం వచ్చిన మనిషిని నేను వెనక్కి పంపాను.

రాశాను. గుండెలో ఏదో కాస్త సర్దుకుని కూర్చుంది. క్షమించమని అడగడం లేదు. అడగడానికి నాకు ముఖం లేదు.

పొద్దున గొట్టం తెరిచి ఒక పేజీ తీశాను. కళ్ళు మూసుకుని వేలితో తడిమాను. ఇంకు ఉన్నచోట నున్నగా ఉంది. వాడు గీకిన ప్రతి చోటా గరుకు. దీపం ఎక్కడుందో వేలికి తెలుస్తోంది. వాడి వేలికి ఇంకా బాగా తెలుస్తుంది. తెలిసిన మరుక్షణం, ఇది నీ దగ్గరికి ఎట్లా వచ్చిందని అడుగుతాడు.

గొట్టం ఇప్పుడు మంచం కింద లేదు. గుమ్మం దగ్గర, నా చెప్పుల పక్కన ఉంది.