మా అత్త చేరిన కొలువు

పోయిన వారం మా ఆడపడుచు కూతురిని బెంగుళూరు బండి ఎక్కించడానికి చీకటితోనే మారికుప్పం స్టేషనుకు వెళ్లాను. ఒక చిన్న వయసు తల్లి నిద్రపోతున్న బిడ్డను భుజాన వేసుకుని, ఇంకో చేత్తో క్యారియరు పట్టుకుని, రైలుపెట్టె ఎక్కలేక అవస్థ పడుతుంటే నేనే క్యారియరు అందుకున్నాను. బిడ్డను పనికి కూడా తీసుకుపోతావా అని అడిగితే, "ఇంట్లో ఎవురుండారమ్మా చూసేకి" అన్నది. ఇంటికి వచ్చినా ఆ మాట నన్ను వదల్లేదు. ఒకప్పుడు అదే బండిలో నేనూ పనికి పోయేదాన్ని, కానీ నా భుజం మీద బిడ్డ ఉండేది కాదు. అందుకు కారణం మా అత్త.

అది మా కేజీఎఫ్‌లో బంగారు గనులు మూతపడిన కాలం. మా మామ దొరల హయాంలో గనిలోకి దిగి, సర్కారు హయాంలో రిటైరైన మనిషి. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని, నాలుగడుగులు వేస్తే ఆయాసపడేవాడు. మా ఇంటాయనకు ఉన్న పని పోయింది. మామిడికాయల కాలంలో శ్రీనివాసపురం మండీకి లారీలు నింపడానికి పోయి, ఆదివారాలు మాత్రం ఇంటికి వచ్చేవాడు. నాకు బెంగుళూరులో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని దొరికింది. మా లైన్‌లో, అంటే గని కార్మికుల కోసం వరుసగా కట్టిన ఆ ఇరుకు ఇళ్లలో, నాలాంటి ఆడవాళ్లు ఇంకా కొందరు పనికి సిద్ధంగా ఉన్నారు గానీ, అందరి కాళ్లకూ అడ్డం చంటిపిల్లలే.

అప్పుడు మా అత్త, పక్కింటి పెద్దమ్మనూ ఎదురింటి అరవ అవ్వనూ కూడగట్టుకుని, మా ఇంటి ముందుగది ఖాళీ చేసి, లైన్‌లోని పిల్లలందరినీ తామే చూసుకుంటామన్నది. కూలి మాత్రం తీసుకుంటామని ముందే చెప్పింది. రాగులైనా సరే, బియ్యమైనా సరే, ఎవరికి చేతనైనది వాళ్లు ఇవ్వాలి. ఊరికే చేస్తే ఒళ్లు నొప్పులని ఒకనాడు మానేస్తామనీ, కూలి ముడితే తప్పకుండా రావాలనీ ఆమె లెక్క. ఆదివారం ఇంటికి వచ్చిన మా ఇంటాయనకు ఇది తల కొట్టేసినట్టయింది. ఈ వయసులో అమ్మ ఆయాపని చేస్తే లోకం నన్నేమంటుందని గొణిగాడు. అత్త రాగిముద్ద చేస్తూ తలెత్తకుండానే, "మీ నాయన గనిలోకి దిగినప్పుడు ఎవురికీ సిగ్గు లేకపోయె గదప్పా. ఇప్పుడు నేను బిడ్డల్ని చూసుకుంటే సిగ్గెందుకు?" అన్నది. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు.

పిల్లలకు రాగిగంజి తాగించడం, నీళ్లు పోయడం, పడుకోబెట్టడం, అంతా సాఫీగా సాగుతున్న రోజుల్లోనే, ఒక మధ్యాహ్నం చివరి ఇంటి పాప కనబడకుండా పోయింది. మూడేళ్లు కూడా నిండని పిల్ల. మా లైన్ వెనుక మిల్లులో రాయి నూరగా మిగిలిన తెల్లమన్ను కొండల్లా పోసి ఉండేది. వానలకు అది కోసుకుపోయి లోతైన చీలికలు పడేవి. ముగ్గురు ముసలమ్మలూ మూడు దిక్కులకు పరుగెత్తారు. ఎవరూ చెప్పకుండానే మా మామ గోడ పట్టుకుని లేచి, ఆ దిబ్బల వైపు నడిచాడు. ఒక చీలిక అంచున కూర్చుని మన్నుతో ఆడుకుంటున్న పాపను ఆయనే చూశాడు. ఎత్తుకునే బలం లేదు, కేకేసే ఊపిరీ లేదు. పాప చెయ్యి గట్టిగా పట్టుకుని, జనం వెతుక్కుంటూ వచ్చేదాకా అక్కడే కూలబడి ఉన్నాడు.

మరుసటి రోజు మా ముందుగదిలో నా కూతురు తప్ప ఎవరి బిడ్డా లేదు. ఇంతటితో వదిలేద్దామని నేనే అన్నాను, ఫ్యాక్టరీ మానేస్తానని కూడా అన్నాను. అత్త నన్ను వెంటబెట్టుకుని చివరి ఇంటి గడప ముందుకు పోయి నిలబడింది. "తప్పు మాదేనమ్మా. బిడ్డను పంపమని అడిగేకి రాలేదు. ఇంగ మీదట ఏం చేస్తామో చెప్పేకి వచ్చినాను. చూసి, నీకు నమ్మకం కుదిరితే పంపు" అన్నది.

అక్కడినుంచి తిన్నగా, కొళాయి అరుగు మీద పొద్దంతా కబుర్లాడే రిటైరైన మగవాళ్ల దగ్గరికి పోయింది. "ఈడ ఊరికే కూర్చునేదానికి బదులు లైన్‌కు రెండు కొసలా కూర్చోండప్పా, బిడ్డలు దాటిపోకుండా" అన్నది. కొందరు నవ్వారు. మా మామ మాత్రం తన స్టూలు మోసుకుపోయి, దారిలో రెండుసార్లు ఆగి, దిబ్బల వైపు కొసన వేసుకుని కూర్చున్నాడు. దాంతో నవ్వులు ఆగిపోయాయి. గనిలోకి మనుషులను దింపే యంత్రం నడిపి రిటైరైన ఒక పెద్దాయన రెండో కొసకు పోతూ, "ఎంతమందిని దించినాను, అందర్నీ పైకి తెచ్చినాను. ఈ బిడ్డలు నా కండ్లు దాటిపోతారా" అన్నాడు. మిగిలినవాళ్లు పాత దూలాలు కోసి మా వాకిలికి గేటు చేశారు, కాపలాకు వంతులు వేసుకున్నారు.

చివరి ఇంటి తల్లి కొన్నాళ్లు తన గడపలోనే నిలబడి చూసింది. ఒకనాడు తెల్లవారకముందే పాపను తెచ్చి మా అత్త చేతికిచ్చి, వెనక్కి చూడకుండా నాతోపాటు బండికి పరుగెత్తింది. ఆ వెనుకే మిగతా పిల్లలూ తిరిగి వచ్చారు. మా మామ మంచం పట్టేదాకా ఆ స్టూలు మీద కూర్చున్నాడు. చివరి రోజుల్లో దగ్గు మధ్య కూడా, ఇవాళ కొసన ఎవరున్నారని అడిగేవాడు. నా కూతురు బడికి పోయిన తర్వాత కూడా అత్త ఇంకెందరి పిల్లలనో పెంచింది.

ఇప్పుడు నాకు అప్పటి మా అత్త వయసు. పెద్దవాళ్లకంటూ సంఘాలు వచ్చాయి. రక్తపోటు చూస్తారు, ఏడాదికోసారి శాలువా కప్పుతారు, విశ్రాంతి తీసుకోమని అందరూ ప్రేమగానే చెబుతారు. మా అత్తకు ఆ మాట చెప్పినవాళ్లు లేరు, చెప్పినా ఆమె వినేది కాదు. మధ్యాహ్నం పూట మా వీధిలో నడిచి చూడండి. మూసిన ప్రతి తలుపు వెనుకా టీవీ ముందు మన వయసు మనిషి ఒకరు మేలుకునే ఉంటారు. చేతులు బాగానే ఉన్నాయి, కళ్లూ బాగానే ఉన్నాయి. రమ్మని పిలిచేవాళ్లు లేరని మనం కూర్చున్నాం. ఆమె మాత్రం ఎవరూ పిలవకుండానే లేచింది.