డాక్టరు గారి వాయిస్ మెసేజీలు

మా డాక్టరు గారి చేతిరాతను చదవగలిగిన మనిషి దిల్‌సుఖ్‌నగర్ మొత్తానికి ఒక్కడే. క్లినిక్ కింద మందుల షాపు నడిపే ఆసామి. అతను చదివేవాడని నేను అనను, ఊహించేవాడు. ఆ ఊహ చాలావరకు నిజమయ్యేది కాబట్టి కాలనీ జనాభా పెద్దగా తగ్గలేదు.

చిక్కంతా ఇంటికెళ్లాక వచ్చేది. ఏ మాత్ర తిండికి ముందో, ఏది తర్వాతో ఎవరికీ గుర్తుండేది కాదు. వెంటనే డాక్టరుకు ఫోన్ చేసేవారు, సరిగ్గా ఆయన అన్నంలో పెరుగు కలుపుకునే వేళకు. ఆయనది తెనాలి వైపు. పెరుగన్నం విషయంలో రాజీ ఎరగరు. విసిగిపోయి కొత్త పద్ధతి పెట్టారు. రోగి ఎదురుగా ఉండగానే తన ఫోన్లో మాట్లాడి, మందులు వేసుకునే తీరంతా వాళ్ల ఫోనుకు వాయిస్ మెసేజీగా పంపేవారు. మరిచిపోతే మళ్లీ వినొచ్చు. రెండు గదుల క్లినిక్కులోంచి ఇంతటి ఆలోచన పుట్టినందుకు మేమంతా గర్వపడ్డాం.

గర్వపడి ఊరుకునే అలవాటు మా కాలనీకి లేదు.

మా ఇంటి ఓనరమ్మది నల్గొండ దగ్గర పల్లె. ఆవిడ బీపీ మెసేజీ సాయంత్రానికల్లా భజన గ్రూపులోనూ, చీటీల గ్రూపులోనూ, పుట్టింటివాళ్ల గ్రూపులోనూ చేరిపోయింది. "మంచి మాటే గద, అందరికి పంపితె ఏం పోతది?" అంది. అలా అనుకున్నవాళ్లు వీధికి పదిమంది. దగ్గు మెసేజీ, గ్యాస్ మెసేజీ, నడుంనొప్పి మెసేజీ ఇంటింటికీ తిరిగాయి. మా అమ్మ కూడా ఎవరిదో గ్యాస్ మెసేజీ విని మందు తెప్పించుకుంది. ఇదేమిటని అడిగితే, "మన డాక్టరు గారి గొంతేగా, వేరేవాళ్లదా?" అని నన్నే దబాయించింది.

కొన్నాళ్లకు క్లినిక్ ఖాళీ అయింది. రోగాలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, డాక్టరు అవసరం ఒక్కటే తీరిపోయింది. జలుబుతో నేను వెళ్లేసరికి ఆయన పేపర్లో పెళ్లి ప్రకటనలు చదువుతున్నారు. నన్ను చూసి ఆయన పడిన ఆనందానికి నా జలుబు తగినది కాదు.

"ఎల్బీ నగర్లో పెద్దాసుపత్రివాళ్లు రమ్మంటున్నారోయ్, డ్యూటీ డాక్టరుగా. నెలాఖరుకి దీన్ని మూసేద్దామనుకుంటున్నా," అన్నారు.

"మెసేజీలు మానేస్తే సరిపోతుంది కదా సార్?"

"మానేస్తే మళ్లీ ఫోన్లు మొదలు. ఆ బతుకు నా వల్ల కాదు."

అంతలో మా ఓనరమ్మ, హయత్‌నగర్‌లో ఉండే చెల్లెల్ని ఆటోలోంచి దింపి మెట్లెక్కించుకొచ్చింది. చెల్లెలికి కళ్లు తిరుగుతున్నాయి. అక్క మెసేజీ విని అక్క మాత్ర వేసుకుందట. డాక్టరు చూస్తే బీపీ బాగా పడిపోయి ఉంది. వెంటనే ఆవిణ్ని పడుకోబెట్టి, కాళ్లకింద దిండ్లు పెట్టి, పక్కనే కూర్చున్నారు. ఆవిడ తేరుకుని టీ అడిగాక గానీ ఆయన మొహంలో రంగు రాలేదు.

"ఈవిడకి బీపీ ఉందని ఎవరు చెప్పారమ్మా?"

"నాకున్నది గద సారూ," అంది ఓనరమ్మ. "ఒక్క తల్లి పిల్లలం."

ఇక తాళం వేసేస్తారనే అనుకున్నాను. ఆయన ఫోన్ తీశారు.

"ఓనరమ్మగారూ, ఇది మీకే. రాగిజావ తప్ప ముట్టడం లేదని నాకు చెప్పి, మొన్న పెళ్లిలో బిర్యానీ రెండోసారి వడ్డించుకున్నారు. మీ గురకకి మీవారు హాల్లో పడుకుంటున్నారు. మీ మాత్ర చెల్లెలిచేత మింగించి ఆవిడ ప్రాణం మీదికి తెచ్చారు. సిగ్గుండాలి. మాత్ర పొద్దున ఒకటి, తిన్నాక."

పంపించేశారు. ఓనరమ్మ అక్కడే విని ఉలిక్కిపడింది. "గిది ఎవ్వరికన్న ఎట్ల పంపుత సారూ? ఇజ్జత్ పోదా?"

"పోతుందనేగా!"

ఆ రోజు నుంచి ప్రతి మెసేజీలోనూ ముందు తిట్లు, తర్వాత మందులు. ఎవరి మెసేజీ వాళ్ల ఫోన్ దాటలేదు. నాది వినడానికి నేను డాబా మీదికి వెళ్లాను. ఈసారి జలుబు కాదు, మొలల సంగతి కాబట్టి వివరాలు అనవసరం.

అయితే మెసేజీలు ఆగినా మాటలు ఆగవు కదా. ఎవరికివారు తమను డాక్టరు ఎంతసేపు తిట్టారో చెప్పుకోవడం మొదలైంది. ఎక్కువ తిట్లు పడ్డవాళ్లకు మంచి వైద్యం అందినట్టు కాలనీ తీర్మానించుకుంది. ఎదురింటావిడ ఆయాసపడుతూ క్లినిక్ మెట్లెక్కి నిలదీసింది: "ఓనరమ్మను గంతసేపు తిట్టిన్రంట, నన్ను జర్రంతనే తిట్టిన్రు. నాది పానం కాదా సారూ?"

ఆవిడ వెనక వరస మెట్లు దిగి మందుల షాపు దాకా ఉంది. నెలాఖరున పెద్దాసుపత్రివాళ్లు ఫోన్ చేశారు. డాక్టరు ఎత్తలేదు. ఆయనకు తీరిక లేదు. లోపల మా అమ్మను తిడుతున్నారు.