చింపని కార్డు

ఆదివారం, కార్తీక బహుళ విదియ, సాయంత్రం. మంథనిలో పాత కాగితాల గది. ఉన్నవారు: నేను, నా భార్య తమ్ముడు, గది చూసుకునే సాయిబు గారు. డైరీలో ఇలా మొదలుపెట్టడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు.

ఆ గదిలో మా ఊరివాళ్లు ఇచ్చిన చిన్న చిన్న కాగితాలను భద్రపరుస్తున్నారు. గోదావరి దాటే పడవ చీట్లు, టూరింగ్ టాకీసు కరపత్రాలు, ఉర్దూ రసీదులు, ఒక గోడ నిండా పెళ్లి పత్రికలు. మా పెళ్లి పత్రిక కూడా అక్కడే ఉంది. ఆ వేళ నేను తీసుకుపోయింది మాత్రం నా భార్య దశదినకర్మ కార్డు.

మన తరంవాళ్లకు చెప్పనక్కరలేదు, అలాంటి కార్డును ఇంట్లో ఉంచరు. నా చిన్నతనంలో పోస్టుమాన్ దాన్ని తెస్తే వాకిట్లోనే నిలబడి మా నాయనను, బాపును, పిలిచేవాడు; బాపు గడప దాటి వచ్చి, మొత్తం చదివి, అక్కడే చింపేసి, కాళ్లు కడుక్కుని గానీ లోపలికి వచ్చేవాడు కాదు. కొత్త ఉద్యోగంలో ఆసిఫాబాదులో అద్దె గదిలో ఉన్నప్పుడు మేనత్త కార్డు వస్తే, చూసేవాళ్లెవరూ లేకపోయినా, నేనూ వీధిలోకి వెళ్లే చింపాను. ఆ ఊళ్లో ఆమెను ఎరిగినవాణ్ని నేనొక్కణ్నే.

అందుకే ఆ గదిలో పెళ్లి పత్రికలు అన్ని ఉన్నా చావు కార్డు ఒక్కటీ లేదు. రేషన్ కార్డులూ ఓటరు జాబితాలూ వదిలేస్తే నా భార్య పేరు రెండుసార్లే అచ్చయింది, ముందు చి.ల.సౌ. అని ఒకసారి, కీ.శే. అని ఒకసారి. మధ్య కాలమంతా ఆమె ఫలానావారి భార్య. రేపు నేను పోతే ఇల్లు సర్దేవాళ్లు మొట్టమొదట ఈ కార్డునే చింపుతారు. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన ఉండాలని నా కోరిక.

బామ్మర్ది భగ్గుమన్నాడు. "ఏంది బావా, ఇంట్లకే తేవద్దన్న కార్డును గీ పెండ్లి పత్రికల నడుమ పెడ్తవా? మా అక్క ఉంటే నిన్ను గడప బయటనే నిలవెడుతుండె!"

సాయిబు గారు నవ్వు ఆపుకున్నారు. "మా ఇండ్లల్ల గీ పట్టింపు లేదు సార్. కానీ రేపు పత్రిక ఇయ్యొచ్చినోళ్లు దీన్ని జూసి ఎనుకకు మర్లితే నేనేం జెయ్యాలె? జర సోచాయించుర్రి, మంచిగ ఆలోచన జెయ్యుర్రి."

"ఊరంత లగ్గాలే జేసుకున్నదా, ఎవ్వలు సావలేదా?" అన్నాను.

బామ్మర్ది కార్డు తీసుకున్నాడు. తనకొచ్చిన కార్డును ఆనాడే చింపేసిన మనిషి. ఇప్పుడు నా కళ్లద్దాలు అడిగి పెట్టుకుని, అక్క పేరు దగ్గర చాలాసేపు ఆగాడు.

"పెట్టు భాయ్," అన్నాడు చివరికి, కార్డు సాయిబు గారి చేతికిస్తూ. "ఎవ్వలన్న అడిగితే తమ్ముడే పెట్టుమన్నడని చెప్పు."

మా పెళ్లి పత్రిక పక్కనే దాన్ని అమర్చారు.

ఇప్పుడు చావు కబురు ఫోనులో వస్తోంది. చుట్టూ పూలు, నడుమ ఫొటో. వేలితో పైకి తోసేస్తాం. చింపడానికి కాగితమూ లేదు, కడుక్కోవడానికి వాకిట్లో నీళ్ల బిందే లేదు. అప్పట్లో చింపేముందు కనీసం ఆ మనిషి పేరు చివరిదాకా చదివేవాళ్లం.

మరునాడు పొద్దున స్నానం చేసి నేరుగా ఆ గదికే వెళ్లాను. ఇన్నాళ్లూ ఇంట్లో దాచుకుని ఎప్పుడంటే అప్పుడు తీసి చూసుకున్న పేరు కదా. తాళం వేసి ఉంది. ఎదురుగా చాయ్ కొట్టు అతను కేకేశాడు: "సోమారం బంద్ ఉంటది పెద్దయ్యా, రేపు రా."

సరేనన్నాను. అయినా ఎండ ఎక్కేదాకా ఆ మెట్టు మీదే కూర్చున్నాను.