ముఖం లేని గొర్రెల కాపరి

బొగ్గుగనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడంలో జ్ఞానయ్యను మించినవాడు ఆ షిఫ్టులో లేడు. కర్రతో పైన రెండుసార్లు తట్టి, ఆ చప్పుడు విని, "ఇక్కడ ఇంకోటి పెట్టాలె" అంటే షిఫ్టు మీద పెత్తనం చేసే ఓవర్‌మన్ కూడా ఎదురు చెప్పేవాడు కాదు. అదే మనిషి గోదావరిఖనిలో తన క్వార్టర్ కోసం చేసిన పీట మాత్రం మూడు కాళ్ల మీద నిలబడి, నాలుగో కాలును గాలిలో ఉంచేది. దాని మీద కూర్చున్నవాళ్లు ఒక పక్కకు ఒరిగే మాట్లాడేవారు. అతని భార్య సువార్త దాన్ని ఇష్టంలేని చుట్టాలు వచ్చినప్పుడు వేసేది.

అతను పుట్టి పెరిగింది బెల్లంపల్లిలో. ఇటువైపు కొత్త గనులు తెరిచాక అరవై ఏడులో బదిలీ మీద వచ్చాడు. డెబ్బై ఒకటి ఎండాకాలంలో పెద్ద గాలిదుమారం లేచి, బెల్లంపల్లిలో అతను చిన్నప్పుడు వెళ్లిన ప్రార్థన మందిరం కిటికీ పడిపోయింది. అది రంగురంగుల అద్దాల కిటికీ. సంఘం పెద్దలు దాని స్థానంలో చెక్క తలుపులు పెట్టుకుని, మిగిలిన ముక్కలు కావలసినవాళ్లను తీసుకుపొమ్మన్నారు. ఆ మాట వినగానే జ్ఞానయ్య సెలవు పెట్టి రైలెక్కాడు.

చిన్నప్పుడు ఆదివారం ఆదివారం ఆ కిటికీ కిందే కూర్చునేవాడు. ఎర్ర అద్దంలోంచి వచ్చిన ఎండ తల్లి తెల్లచీర మీద పడితే, అందులో చెయ్యి పెట్టి తన వేళ్లు ఎర్రబడడం చూసుకునేవాడు. ప్రసంగాలేవీ గుర్తులేవు గానీ ఆ ఎరుపు గుర్తుంది.

దొరికింది ప్రభువు గొర్రెల కాపరిగా ఉన్న ఒక్క పలక. సీసపు పట్టీలతో అతికిన అద్దాలు: ఎర్ర అంగీ, నీలం ఆకాశం, భుజాల మీద ఒక గొర్రెపిల్ల, కాళ్ల దగ్గర రెండు గొర్రెలు. ముఖం ఉండాల్సిన చోట మాత్రం బొక్క. దాన్ని దుప్పటిలో చుట్టి, ప్యాసింజర్ బండిలో రామగుండం దాకా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. తీరా చూస్తే క్వార్టర్‌కున్న ఒక్క కిటికీ పక్కింటి గోడ వైపు. దానికి ఎండ మొహమే తెలియదు.

"గోడ పడగొడ్తవా ఏంది?" అంది సువార్త.

"పెట్టె చేస్త. లోపల బల్బు పెడ్త" అన్నాడు జ్ఞానయ్య.

సువార్త పీట వైపు చూసింది.

ఒకప్పుడు తండ్రి పడుకున్న పాత టేకు మంచం విప్పదీసి, ఆ పట్టెలతో పెట్టె మొదలుపెట్టాడు. ఏది చేసినా గని పైకప్పు మొయ్యాలన్నట్టే చేసే అలవాటు కదా, పెట్టె కూడా అట్లాగే తయారైంది. ఇద్దరు పట్టి లేపితే తప్ప కదల్లేదు. ముందు అద్దం బిగించి, వెనక నడిమధ్య ఒక పెద్ద బల్బు పెట్టి స్విచ్చి వేశాడు. కాపరి చీకట్లోనే ఉండిపోయాడు. బల్బుకు ఎదురుగా ఉన్న గొర్రెపిల్ల పొట్ట మాత్రం కళ్లు మిరుమిట్లు గొలిపేలా వెలిగింది.

"పాపం, పిల్లకు జొరమచ్చినట్టున్నది" అంది సువార్త.

జ్ఞానయ్య మళ్లీ విప్పాడు. లోపలంతా తెల్లసున్నం పూశాడు. ఆ పెద్ద బల్బు తీసేసి, నాలుగు మూలల్లో నాలుగు చిన్నవి దాచాడు. వేడి పోవడానికి పైన రంధ్రాలు చేశాడు. వెలుగు సమంగా పరుచుకోవాలంటే అద్దానికి వెనక పల్చటి తెల్లగుడ్డ కట్టాలని తోచింది. గుడ్డ ఎక్కడిదో సువార్తకు మర్నాడు తన చీర కట్టుకోబోయినప్పుడు తెలిసింది. ఆ వారమంతా ఇంట్లో ప్రతి కూరలోనూ ఉప్పు ఎక్కువే.

ఇక మిగిలింది ముఖం. మామూలు అద్దంముక్కను కోయించి, రంగుడబ్బీలు తెచ్చి, కాపరి ముఖం తనే గీయడానికి కూర్చున్నాడు. కళ్లెట్లా ఉంటాయో, ముక్కెట్లా తిరుగుతుందో అనుమానం వచ్చినప్పుడల్లా గడ్డం గీసుకునే అద్దంలోకి చూసుకుని గీశాడు. పూర్తయ్యాక తనకే ముచ్చటేసింది. సువార్త కూడా చూసింది, గబగబా వంటింట్లోకి వెళ్లిపోయింది. మూడు రోజులపాటు ఆ బొమ్మ వైపు చూసినప్పుడల్లా ఆమెకు దగ్గు వచ్చేది.

నాలుగో రోజు పక్కింటి ఆగయ్య, అతని భార్య పూలమ్మ చూడడానికి వచ్చారు. గనిలో చేరక ముందు ఆగయ్య గొర్రెలు కాసినవాడు. చాలాసేపు పరీక్షగా చూశాడు.

"పిల్లను గిట్ల మోస్తె జారిపడ్తదన్న. కాళ్లు నాలుగు ముంగటికి తెచ్చి ఒక్క చేతిల పట్టాలె" అన్నాడు.

"మరి ముఖమెట్లున్నది?" అని ఆశగా అడిగాడు జ్ఞానయ్య.

"ముఖానికేందన్నా, అచ్చం నువ్వే" అంది పూలమ్మ.

సువార్త కొంగు నోట్లో కుక్కుకుంది గానీ లాభం లేకపోయింది. మూడు రోజులుగా ఆపుకున్న నవ్వంతా ఒక్కసారే బయటపడింది. జ్ఞానయ్య ఒకసారి గోడ మీది అద్దంలోకి, ఒకసారి పెట్టెలోకి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

మర్నాడు కాపరికి గడ్డం పెట్టాడు. అప్పుడది వారం రోజులు నాగా పెట్టి ఇంట్లో పడుకున్న జ్ఞానయ్యలా కనిపించింది. ఇక లాభం లేదని బ్లేడు తీసుకుని ముఖమంతా గీకేసి, అద్దంముక్క చేతిలో పట్టుకుని గుమ్మంలో కూలబడ్డాడు. "అందరు నవ్వవట్టిరి. దేవుని ముఖానికి నా ముఖం పెడ్తి" అన్నాడు.

ఈసారి సువార్త నవ్వలేదు. అతని చేతిలోంచి అద్దం తీసుకుని, బూడిదతో తోమి, కడిగి, కొంగుతో తుడిచింది.

"గిట్లనే పెట్టు" అంది. "ఎవలు సూశిండ్రు ఆయన ముఖం?"

అట్లాగే బిగించాడు. స్విచ్చి వేస్తే ఎర్ర అంగీ వెలిగింది, నీలం వెలిగింది. ముఖం చోట ఒట్టి తెల్లటి వెలుగు. ఎరుపు ఎదురు గోడ మీదా, పక్కనున్న సువార్త మోచేతి మీదా పడింది. జ్ఞానయ్య చెయ్యి చాపి, ఆ ఎరుపులో పెట్టాడు.

"ఏం జేస్తున్నవయ్య?" అంది ఆమె.

"ఏం లేదు" అన్నాడు.

క్రిస్మస్‌కు ప్రార్థన చెయ్యడానికి పాస్టరయ్య ఇంటికి వచ్చాడు. పెట్టె ముందు నిలబడి అంగీ మెచ్చుకున్నాడు, గొర్రెలను మెచ్చుకున్నాడు. తర్వాత కళ్లద్దాలు సవరించుకుని, "జ్ఞానయ్యా, ముఖం లేదేమిటి?" అని అడిగాడు.

జ్ఞానయ్య సువార్త వైపు చూశాడు. సువార్తే అందుకుంది.

"డ్యూటీ దిగి ముఖం కడుక్కున్నడయ్యగారు, ఇంక తుడుచుకోలే. గందుకే గట్ల మెరుస్తున్నది."

పాస్టరయ్య నవ్వు ఆపుకోలేక పక్కనున్న పీట మీద కూలబడ్డాడు. అది ఒరగగానే గోడ పట్టుకున్నాడు. ఆ తర్వాత ప్రార్థన చేశాడు. అందరూ కళ్లు మూసుకున్నారు, జ్ఞానయ్య తప్ప. అతను పెట్టె వైపే చూస్తూ, అందరితోపాటు ఆమెన్ అన్నాడు, కాస్త ఆలస్యంగా.